హోసూరు మన్ను, బాండ్లి లెక్క

హోసూరు పేరు చెబితే బయటివాళ్ళకు గుర్తొచ్చేవి మూడు: టీవీఎస్ బండ్లు, అశోక్ లేలాండ్ లారీలు, గులాబీలు. కాస్త చరిత్ర తెలిసినవాళ్ళయితే దగ్గరలోని తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీని కూడా కలుపుతారు. ఇక్కడ తరతరాలుగా ఉంటున్న మా తెలుగువాళ్ళకు మాత్రం ఊరంటే ముందు కొండ మీది చంద్రచూడేశ్వరుడు, ఆ కొండెక్కి చూస్తే నాలుగు దిక్కులా కనిపించే ఎర్రమన్ను. సముద్రమట్టానికి మూడువేల అడుగులకు కాస్త తక్కువ ఎత్తు. బెంగుళూరు నలభై కిలోమీటర్లు. 1956లో రాష్ట్రాలు ఏర్పడ్డప్పుడు మేము మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయాం. అప్పుడు మాది సేలం జిల్లా, 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004 నుంచి కృష్ణగిరి జిల్లా. ఆఫీసుల బోర్డులు మారినన్ని సార్లు మన్ను మారలేదు. ఇంట్లో మేము ఎర్రమన్ను అంటాం, బడిలో పిల్లలు సెమ్మణ్ అని నేర్చుకుంటారు, బాగలూరు దారిలో కన్నడం మాట్లాడే రైతు కెమ్మణ్ణు అంటాడు. మూడూ ఒకటే మాట.

మేడమీద నాలుగు వంగ మొక్కలు, రెండు గులాబీలు, ఒక కరివేపాకు పెంచుదామనుకునేవాళ్ళు ఈమధ్య మా ఊళ్ళో బాగా ఎక్కువయ్యారు. మన సంఘం సమావేశాల్లో కలిసినప్పుడు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "మన్ను ఎక్కడ తెచ్చినారు?" అని. విత్తనాల సంగతి, పురుగుల సంగతి తర్వాత. నేను వ్యవసాయశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ఊళ్ళు తిరిగి, రిటైరు కావడానికి కొన్నేళ్ళ ముందు బదిలీ మీద సొంత ఊరికి వచ్చినవాణ్ణి. మూడేళ్ళుగా ఆదివారాలు స్కూటరు మీద గోనెసంచులు వేసుకుని చుట్టుపక్కల తిరుగుతున్నాను, కుండీలకు మన్ను కలుపుతున్నాను. ఆ తిరుగుళ్ళలో చూసింది, కొలిచి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. తోటపని మీద ఆసక్తి లేని పాఠకులు దీన్ని హోసూరు చుట్టూ ఒక చిన్న యాత్రగా చదువుకోవచ్చు.

పుస్తకాల్లో కనిపించే కుండీ మన్ను పద్ధతి చాలావరకు చలిదేశాలది. మూడోవంతు పీట్, మూడోవంతు వర్మిక్యులైటు, మూడోవంతు కంపోస్టు అని అమెరికా పుస్తకాల్లో ఉంటుంది. పీట్ అంటే అక్కడి చిత్తడి నేలల్లో నాచు వేల ఏళ్ళుగా కుళ్ళీ కుళ్ళక పేరుకున్న పొర. అది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు మందం పెరుగుతుంది. తరతరాలుగా దాన్ని తవ్వుకున్న ఐర్లండులో కూడా అక్కడి ప్రభుత్వరంగ సంస్థ 2021లో తవ్వకం మానేసినట్టు ప్రకటించింది. అలాంటి సరుకును ఓడలో తెప్పించి వంగ మొక్కకు పోయడమంటే ఉప్మా రవ్వ లండన్ నుంచి తెప్పించుకున్నట్టే. నర్సరీల్లో రంగుల సంచుల్లో అమ్మేది చూద్దామా అంటే, విప్పి చూస్తే అందులో ఎక్కువ భాగం కొబ్బరి పొట్టు. అది తేలికగా ఉంటుంది, మోయడానికి సుఖం. మొక్కకు తిండి మాత్రం అందులో అంతంతమాత్రం.

అందువల్ల మా ఊళ్ళో చాలామంది ఎర్రమన్ను లోడు తెప్పించుకుంటారు. ఈ లోడు సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి.

హోసూరులో అమ్మకానికొచ్చే ఎర్రమన్ను రెండు రకాలు. ఒకటి ఇళ్ళకు, అపార్టుమెంట్లకు పునాదులు తీసినప్పుడు అడుగు నుంచి వచ్చేది. ఇటుకపొడి రంగులో ఉంటుంది, అందులో ఒక్క వేరు ఉండదు, ఒక్క వానపాము కనబడదు. నీళ్ళు పోస్తే కాళ్ళకు అంటుకుంటుంది, ఎండితే పెంకులా బిగుసుకుంటుంది. రెండోది చేని పైమన్ను. రంగు కాస్త ముదురు, గోధుమ కలిసిన ఎరుపు. చేత్తో నలిపితే పొడిపొడిగా రాలుతుంది, రాగి దుబ్బుల సన్నటి వేళ్ళు తగుల్తాయి. కుండీలో పోస్తే మొక్క మొదటి నెలలోనే లేస్తుంది. అందరూ అడిగేది ఈ రెండోదాన్నే, ధర ఎక్కువ పలికేదీ ఇదే.

మా చిన్నాయన వాళ్ళకు బాగలూరు దారిలో రెండెకరాల మెట్టచేను ఉండేది. ఏటా ముంగారి వానలకు రాగులు, సాళ్ళ మధ్య అనుములు, ఆముదాలు. వెనక వానలకు ఉలవలు. మా తాతగారి కాలం నుంచి ఎండాకాలం చివర బండ్లతో దిబ్బ ఎరువు తోలడం ఒక్క ఏడు కూడా తప్పలేదు. చిన్నాయన కాళ్ళు పడిపోయాక, పిల్లలిద్దరూ బెంగుళూరు ఉద్యోగాల్లో స్థిరపడ్డాక, చేను లేఅవుటుకు వెళ్ళింది. అందులో తప్పుపట్టేదేమీ లేదు. చదరపుటడుగు లెక్కన బేరం కుదిరింది. నేను పక్కనే ఉన్నాను. మన్ను గురించి మాత్రం ఆ బేరంలో ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. రోడ్లకు గీతలు గీయకముందే యంత్రం వచ్చి పై అరడుగు గీకి కుప్పపోసింది, టిప్పర్లు వచ్చి ఎత్తుకుపోయాయి. పదిరోజుల తర్వాత మా వీధిలోనే, మూడిళ్ళ అవతల, తోటకని ఒక లోడు దిగింది. ఎక్కడిదని డ్రైవరును అడిగాను. బాగలూరు రోడ్డు, ఫలానా లేఅవుటు అన్నాడు. వంగి పిడికెడు తీసుకున్నాను. అందులో అనుముల పొట్టు ఇంకా ఉంది.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. అలవాటు గనుక. ఎకరమంటే 43,560 చదరపుటడుగులు. పై అరడుగు తీస్తే 21,780 ఘనపుటడుగులు. మా వైపు మన్ను అమ్మేది యూనిట్ల లెక్కన, యూనిటు అంటే నూరు ఘనపుటడుగులు. అంటే ఎకరానికి సుమారు 218 యూనిట్లు. మూడు యూనిట్ల టిప్పరు డెబ్బై మూడుసార్లు తిరిగితే ఒక ఎకరం పైమన్ను మొత్తం పోతుంది. ఇక మేడమీది సంగతి. ఇరవై లీటర్ల సంచులు అరవై పెట్టుకుంటే 1,200 లీటర్లు, అంటే 42 ఘనపుటడుగులు. సంచుల నిండా చేని మన్నే పోస్తే, అరడుగు లోతున 85 చదరపుటడుగుల చేను గీకినట్టు. చిన్న గదంత చేను. అదే సంచిలో మన్ను నాలుగోవంతు మాత్రమే ఉంటే 21 చదరపుటడుగులు, ఒక మంచమంత. ఆ నాలుగోవంతు కూడా చేనిది కాక పునాది మన్ను అయితే చేను చేనులాగే ఉంటుంది. ఉన్న చేలల్లో ఎన్ని చేలుగా ఉంటాయన్నది వేరే ప్రశ్న. ఆ లేఅవుటులోని ఇళ్ళ ఋణాల కాగితాలు నా బల్ల మీదికి కూడా వస్తాయి.

పునాది మన్ను పనికిరాదని అందరూ అంటారు. నిజానికి అందులో లేనిది ప్రాణం, ఉన్నది బంక. ఆ బంకమన్ను సన్నటి రేణువులు పోషకాలను పట్టుకుని వేళ్ళకు మెల్లగా వదులుతాయి. ఉత్త కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిపిన కుండీలో ఈ పట్టు తక్కువ, నీళ్ళతో పాటు సత్తువా అడుగు నుంచి కారిపోతుంది. కాబట్టి పారబోసే పునాది మన్ను నాలుగోవంతు తీసుకుని, దానికి ప్రాణం పోసే వస్తువులు చుట్టుపక్కల నుంచి తెచ్చుకుంటే సరిపోతుందని నా లెక్క. మాకు మన్ను పక్కింటి పునాది నుంచి వచ్చింది. దాన్ని పారబోయడానికి వాళ్ళే డబ్బిచ్చి ట్రాక్టరు పిలవబోతున్నారు.

ఇక ప్రయాణం. మొదటిది మత్తిగిరి దారి. అక్కడి పశువుల ఫారం 1824లో బ్రిటిషువారు సైన్యానికి గుర్రాలు పెంచడం కోసం మొదలుపెట్టింది. పదహారు వందల ఎకరాల పైచిలుకు నేల. గోడ వెంట పోతుంటే హోసూరు ఫ్యాక్టరీల ఊరన్న సంగతి మరిచిపోతాం. ఫారం దాటాక పల్లెల్లో ఇంటింటికీ రెండు మూడు ఆవులు, పాలు ఉదయం ఆరింటికల్లా సొసైటీకి పోతాయి. ఇంటి వెనక దిబ్బ. మా వైపు కొందరు దిబ్బ అంటారు, కొందరు కన్నడం కలిపి తిప్ప అంటారు. నేను ఎరువు తెచ్చుకునే ఇంటి అవ్వకు డెబ్బై దాటినాయి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి అడిగింది.

"పోయినేటి దిబ్బనా నాయనా, ఈ ఏటి దిబ్బనా?"

"మాగింది కావల్ల అవ్వా, కుండీలకు."

"అట్లయితే ఆ మూలది. పిడికిలి పట్టి చూడు. వాసన వస్తే నాకు దుడ్లు ఇయ్యొద్దు."

నిజంగానే వాసన రాలేదు. వాన పడ్డ నేల వాసన తప్ప. పేడ అన్న గుర్తే లేదు, నల్లటి పొడి, అక్కడక్కడా రాగి గడ్డి ముక్కలు. ఏడాది మాగిన ఎరువుకు ఇదే గుర్తు. పచ్చి ఎరువులో రెండు ప్రమాదాలున్నాయి. కుండీలో అది ఇంకా కుళ్ళుతూ వేడెక్కి లేతవేళ్ళను కాలుస్తుంది. అదీకాక తెల్లగా, లావుగా, కొక్కెంలా వంగి ఉండే వేరుపురుగులు అందులో దాక్కుని వస్తాయి, మొక్కను కింద నుంచి కొరికేస్తాయి. అవ్వ ఎరువును గోతాం మీద పల్చగా పరిచి కోళ్ళను వదుల్తుంది. అరగంటలో పురుగులన్నీ ఖాళీ. దీనికి మించిన మందు నేను చూడలేదు. పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలు ఉంటుందంతే. అంత తక్కువేనా అని చిన్నచూపు చూడకూడదు, దాని పని తిండి పెట్టడం కంటే మన్నును గుల్లపరచడం, సూక్ష్మజీవులకు ఇల్లు కట్టడం.

చెరువు మన్ను గురించి చాలామంది అడుగుతారు. పాతకాలంలో చెరువు ఎండగానే బండ్లు దిగేవి, వండు మన్ను చేలకు తోలేవారు. 2017లో తమిళనాడు ప్రభుత్వం ఈ మన్నును రైతులు అనుమతి తీసుకుని ఉచితంగా తోలుకునే వీలు కల్పించాక మళ్ళీ కొంత కదలిక వచ్చింది. చేనికి తోలుకునే రైతును అడిగితే రెండు సంచులు ఇస్తాడు. అయితే ఏ చెరువన్నది చూసుకోవాలి. మా ఊరి పక్కన పారే దక్షిణ పినాకిని, తమిళంలో తెన్పెణ్ణై, నందికొండల్లో పుట్టి బెంగుళూరు శివార్ల మీదుగా వస్తుంది. దారిలో బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మురుగు కలుపుకుంటుంది. మా కెలవరపల్లి ఆనకట్ట దగ్గర వానలప్పుడు తలుపులెత్తితే తెల్లటి నురగ రోడ్డు మీదికి ఎగురుతుంది. సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లలు దాన్ని మంచులా ఉందని ఫొటోలు తీసుకుంటారు. ఆ నీళ్ళు నిలిచిన చోటి వండు ఎంత నల్లగా, ఎంత మెత్తగా ఉన్నా తినే మొక్కలకు వద్దు. ఫ్యాక్టరీల నుంచి వచ్చే లోహాలు రంగులో తెలియవు, వాసనలో తెలియవు. పైన ఊరు గానీ పరిశ్రమ గానీ లేని, వాననీరు మాత్రమే చేరే చెరువుదయితే ధైర్యంగా వాడవచ్చు. తళి దారిలో అలాంటివి ఇంకా మిగిలి ఉన్నాయి.

కొబ్బరి పొట్టు కోసం కొంచెం దూరం పోవాలి. శూళగిరి, కృష్ణగిరి దాటి కావేరిపట్నం, అరవై కిలోమీటర్ల పైమాట. స్కూటరు మీద కాదులెండి, ఒక బంధువుల పెళ్ళికి కారులో వెళ్ళినప్పుడల్లా డిక్కీలో రెండు సంచులు వేసుకొస్తాను. మా పీఠభూమి దిగగానే గాలి వేడెక్కుతుంది, మామిడి తోటలు మొదలవుతాయి, కావేరిపట్నం చేరేసరికి కొబ్బరి. పీచు తీసే మిల్లుల ముందు బంగారు రంగు పొట్టు కుప్పలు ఉంటాయి. కొనేవాళ్ళంతా వాటి దగ్గరికే పోతారు. నా సలహా వెనక్కు వెళ్ళమని. మిల్లు వెనక రెండు మూడు వానాకాలాలు తడిసి నల్లబడ్డ పాత కుప్ప ఒకటి ఉంటుంది. వానకు అందులోని ఉప్పు, వగరు చాలావరకు కొట్టుకుపోయి ఉంటాయి. మిల్లువాళ్ళకు అది అడ్డం, అడిగితే దాదాపు ఊరికే ఇస్తారు. కొత్త పొట్టు అయితే, లేదా అంగట్లో దొరికే 5 కిలోల దిమ్మ అయితే, డ్రమ్ములో నానబెట్టి మూడుసార్లు నీళ్ళు మార్చాలి. మొదటి నీళ్ళు డికాక్షన్ రంగులో దిగుతాయి, మూడోసారికి పల్చటి టీ రంగు. అక్కడ ఆపవచ్చు. ఆ దిమ్మ నానితే డెబ్బై లీటర్ల దాకా పొంగుతుంది. పొట్టు తన బరువుకు అయిదారు రెట్లు నీళ్ళు పట్టుకుంటుంది గనుక మా ఊరి మార్చి ఎండలకు అది చాలా ఉపయోగం.

నీళ్ళు పట్టడం ఎంత ముఖ్యమో వదలడం అంత ముఖ్యం. పుస్తకాల్లో దీనికి పెర్లైటు అంటారు, ఇక్కడివాళ్ళు ఇసుక అంటారు. ఏటి ఇసుక ఇప్పుడు ఎక్కడా న్యాయంగా దొరకడం లేదు. క్రషర్ నుంచి వచ్చే రాతి ఇసుకలో దుమ్ము ఎక్కువ, అది బంకతో కలిసి సిమెంటులా కూర్చుంటుంది. మాకు దగ్గరి జవాబు మాలూరు. బాగలూరు మీదుగా పోతే గంటలోపు ప్రయాణం, రాష్ట్రం మారిన సంగతి బస్సుల రంగు చూస్తే తప్ప తెలియదు. పెంకులకు, ఇటుకలకు పేరున్న ఊరు. బట్టీల దగ్గర విరిగినవి, సగం కాలినవి గుట్టలుగా పడి ఉంటాయి. వాటిని శనగగింజ సైజుకు కొట్టించి, జల్లెడ పట్టి పొడి తీసేస్తే చాలు. ఇటుక ముక్కకు ఒళ్ళంతా సన్నటి రంధ్రాలు, తానూ కాస్త నీళ్ళు తాగుతుంది, పక్కనుంచి మిగతా నీళ్ళు పోనిస్తుంది. ఎన్నేళ్ళయినా కరిగిపోదు. ఇల్లు కట్టే చోట అడిగినా దొరుకుతాయి గానీ సిమెంటు అంటిన ముక్కలు తీసుకోకూడదు, సున్నం ఎక్కువవుతుంది. అసలే మా బోరునీళ్ళు సున్నపు నీళ్ళు.

చివరి సరుక్కు ఎక్కడికీ పోనక్కరలేదు. మా వీధిలో కానుగ చెట్లు, నిద్రగన్నేరు చెట్లు కలిపి పదిహేను దాకా ఉన్నాయి. జనవరి, ఫిబ్రవరిలో రాలే ఆకును ఊడ్చి మూలకు తోసి నిప్పు పెట్టడం ఆనవాయితీ. ఊడ్చే అక్కతో మాట్లాడి, ఖాళీ సంచులు ఇచ్చి, టీ ఖర్చుకు కాస్త ముట్టజెప్పి, ఆకు మా ఇంటికి చేరేలా చేసుకున్నాను. ఆకు మూడు సంచులకు వంటింటి తొక్కలు ఒక సంచి. దీన్ని రెండు విధాలుగా కుళ్ళబెట్టవచ్చు. ఇంగ్లీషు శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ ఇందూరులో 1924 నుంచి 1931 వరకు పనిచేసి స్థిరపరచిన పద్ధతిలో కుప్పను అప్పుడప్పుడు తిరగెయ్యాలి. అలా చేస్తే మూడు నాలుగు నెలల్లో తయారు. రెండోది మాకు దగ్గరిది. బెంగుళూరు టాటా ఇన్‌స్టిట్యూటులో, అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, డాక్టర్ సి.ఎన్. ఆచార్య 1939లో రూపొందించింది. దాన్ని ప్రపంచమంతా బెంగుళూరు పద్ధతి అంటుంది, బెంగుళూరు వాళ్ళకే తెలియదు. గుంతలో పొరలు పొరలుగా వేసి, మొదటి వేడి తగ్గాక పైన మన్నుతో మెత్తి వదిలేస్తే ఆరు నుంచి ఎనిమిది నెలల్లో దానంతటదే మాగుతుంది. తిప్పే పని లేదు. నడుం నొప్పి ఉన్న నాబోటి వాళ్ళకు ఇదే మేలు. గుంత తవ్వే జాగా లేక 200 లీటర్ల నీలం డ్రమ్ముకు అడుగున చిల్లులు పెట్టి అందులోనే చేస్తున్నాను.

గులాబీ తోటల వ్యర్థాలు తేవచ్చు గదా అని అడిగేవాళ్ళున్నారు. పాలీహౌసు గులాబీలకు మందులు బాగా కొడతారు. నేను వాటి జోలికి పోను. దేంకణికోట, తళి వైపు మల్బరీ తోటలున్న ఇళ్ళలో దొరికే పట్టుపురుగుల లద్దె మాత్రం మంచి సరుకు, నత్రజని బాగా ఉంటుంది. పురుగుల తట్టల్లో రోగాలు రాకుండా సున్నం, బ్లీచింగ్ పొడి చల్లుతారు గనుక నేరుగా వాడక, కంపోస్టు డ్రమ్ములో కలిపి మాగనివ్వాలి.

ఇప్పుడు కలపడం. కొలతకు మేస్త్రీలు వాడే ఇనప బాండ్లి తీసుకున్నాను. కిలోల లెక్క వద్దు, తడి పొడి తేడాతో బరువు మారిపోతుంది. జల్లించిన పునాది మన్ను 3 బాండ్లీలు, కడిగి పిండిన కొబ్బరి పొట్టు 3, మాగిన పశువుల ఎరువు 2, ఆకు కంపోస్టు 2, ఇటుక ముక్కలు 2. మొత్తం పన్నెండు. ఇరవై లీటర్ల సంచికి ఒక పిడికెడు వేపపిండి, ఒక పిడికెడు కానుగపిండి. కానుగపిండి మా వైపు నూనె గానుగల్లో సులువుగా దొరుకుతుంది, వేపపిండిలాగే వేరుపురుగుకు గిట్టదు. టార్పాలిన్ మీద పోసి రెండు పారలతో మూడుసార్లు తిరగేసి, తడి చిలకరించి, గోనెపట్టా కప్పి మూడు వారాలు నీడలో ఉంచాలి. పిండ్లు ఈ మూడు వారాల్లో వేడెక్కి చల్లారుతాయి. పెళ్ళి వంటల్లో పులిహోర కలిపి కాసేపు మూత పెట్టి వదిలినట్టే. తొందరపడి అదే రోజు నారు నాటితే నారుకు ఆ వేడి తగులుతుంది.

సరిగా కుదిరిందో లేదో చూడటానికి పరీక్షలు రెండే. గుప్పెడు తీసుకుని గట్టిగా పిండితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. నీళ్ళు కారితే తడి ఎక్కువ, ముద్దే కట్టకపోతే పొట్టు ఎక్కువ, పొడిచినా విడిపోకపోతే మన్ను ఎక్కువ. రెండోది, సంచి నింపి చెంబుడు నీళ్ళు పోస్తే అర నిమిషంలో పైన నిలవకుండా ఇంకిపోవాలి. మన్ను గుణం ముందే తెలుసుకోవాలనుకుంటే హార్లిక్సు సీసాలో మూడోవంతు మన్ను, మిగతా నీళ్ళు పోసి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. నిమిషంలో ఇసుక అడుగుకు చేరుతుంది, రెండు గంటల్లో వండు, మర్నాటికి బంక. మూడు గీతలు సీసా మీద కనబడతాయి, స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. మా పక్కింటి పునాది మన్నులో సగానికి దగ్గరగా బంకే.

అందరికీ ఒకే పాలు కుదరదు. వంగ, మిరప, టమాటా, పాలకూర, తోటకూరలకు పైన చెప్పినది చాలు. కరివేపాకు, గులాబీ, మల్లె కాస్త బరువు మన్ను కోరతాయి, వాటికి మన్ను రెండు బాండ్లీలు పెంచి పొట్టు రెండు తగ్గిస్తాను. క్యారెట్టు మా ఇంట్లో ఎన్నడూ వేలి పొడుగు దాటలేదు. అందుకు కారణం మన్ను కంటే ఎండ అని నా అనుమానం.

మేడ బరువు గురించి ఒక్క మాట. మనుషులు తిరిగే మేడకు ఇంజనీర్లు చదరపు మీటరుకు 150 కిలోల లెక్కన కడతారు. ఉత్త ఎర్రమన్ను నింపిన ఇరవై లీటర్ల సంచి తడిసినప్పుడు 30 కిలోలు దాటుతుంది. ఆనించి పెడితే మీటరు జాగాలో తొమ్మిది సంచులు పడతాయి, అంటే 270 కిలోల పైనే. ఈ కలిపిన మన్ను సంచి 20 కిలోల ప్రాంతంలో తూగుతుంది. అయినా తొమ్మిది పెట్టకూడదు, ఆరుతో ఆపి, గోడల వెంబడి సర్దుకోవాలి. పాత ఇళ్ళవాళ్ళు ముందు మేస్త్రీని కాక ఇంజనీరును అడగడం మంచిది.

ఈ పత్రిక చదివేవాళ్ళు ఒక్క హోసూరులోనే లేరు గనుక వేరే ఊళ్ళ సంగతి కూడా రెండు ముక్కలు. షోలాపూరు వాళ్ళది నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది. అది పన్నెండింట రెండు బాండ్లీలు మించకూడదు, ఇటుక ముక్కలు ఒకటి పెంచాలి. చక్కెర మిల్లుల మడ్డి అక్కడ దండిగా దొరుకుతుంది గానీ ఆరు నెలలు మాగకుండా వాడితే వేడి చేస్తుంది. బరంపురంలో రైసుమిల్లుల ఊక ఉంది, నల్లగా మాడిన ఊక ఇటుక ముక్కల బదులు వాడుకోవచ్చు, తెల్లటి బూడిదయ్యేదాకా కాలనివ్వకూడదు. యానాం వాళ్ళు అదృష్టవంతులు, గోదావరి ఒండ్రు, కొబ్బరి రెండూ గడపలోనే. వాళ్ళు చూసుకోవలసింది ఉప్పు. వేసవిలో పోటునీరు ఎక్కిన చోటి ఒండ్రును ఒక వానాకాలం తడవనిచ్చి గానీ తేకూడదు. చెన్నైలో సముద్రం వైపు ఇసుక నేలల వాళ్ళకు బంకే కొరత, వాళ్ళకు చెరువు వండు అవసరం.

ఏడాది తిరిగేసరికి సంచిలో మన్ను మూడోవంతు కుంగుతుంది. పొట్టు, ఎరువు మాగి మొక్కలోకి పోతాయి, బంక, ఇటుక అలాగే ఉంటాయి. పంట తీశాక సంచి కుమ్మరించి, వేళ్ళు ఏరి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, కుంగినంత మేరకు కంపోస్టు, ఎరువు, పిడికెడు పిండి కలిపితే మళ్ళీ సిద్ధం. మన్ను మాత్రం మళ్ళీ తేనవసరం లేదు. మూడేళ్ళలో అరవై సంచులకు నేను వాడిన మన్ను మొత్తం పదకొండు ఘనపుటడుగులు, అంతా ఆ పక్కింటి పునాదిదే. వాళ్ళు గృహప్రవేశం చేసి రెండేళ్ళయింది. వంకాయలు కోసినప్పుడల్లా ఒక సంచి గోడ మీదుగా వాళ్ళకు అందిస్తాం.